స్క్రమ్‌లో తెగిన తగవు

ఐజాక్ గ్లేస్టర్ పుట్టినప్పుడు మంత్రసాని వాడి భుజాలు తడిమి చూసి, "వీడు అడ్డం తిరిగుంటే నీ ప్రాణం దక్కేది కాదమ్మా" అందట తల్లితో. సీగార్త్‌లో ఆ మాట పొగడ్తే. కంబర్లాండ్ తీరాన సముద్రంలోకి ఒరిగినట్టుండే ఆ ఊళ్లో మగవాడి భుజాలకు రెండే పనులు. వారమంతా గనిలో బొగ్గు తవ్వాలి, శనివారం మధ్యాహ్నం రగ్బీ లీగ్ ఆడాలి. గని సముద్రం కిందికి మైళ్ల కొద్దీ పోతుంది. అక్కడ చీకట్లో నడుం వంచి బతికే మనిషికి, వారానికో పూట ఆకాశం కింద నడుం వంచి ఇంకొకణ్ణి తొయ్యడం పండగలాగే ఉంటుంది.

ఐజాక్ ఆటలో ప్రాప్. రెండు జట్ల నుంచీ ఆరేసి మంది ఒకరినొకరు పట్టుకుని, ముందుకు వంగి, తలలు దూర్చి ఎడ్లలా కుమ్ముకోవడాన్ని స్క్రమ్ అంటారు. దాని ముందువరసలో అటొక ప్రాప్, ఇటొక ప్రాప్, నడుమ హుకర్ ఉంటారు. హుకర్ తన చేతులు రెండూ ప్రాప్‌ల భుజాల మీద వేసి, ఇంచుమించు ఉయ్యాల్లో వేలాడినట్టు వేలాడుతూ, మధ్యలోకి దొర్లించిన బంతిని కాలితో వెనక్కి లాగాలి. లాగే క్షణంలో వాడి బరువంతా ప్రాప్ మీదే. ప్రాప్ నడుం నిలిస్తేనే హుకర్ కాలు ఆడుతుంది.

ఐజాక్ పక్కన ఆడే హుకర్ జాస్ ఫెరన్. పొట్టి మనిషి, దొడ్డికాళ్లు, మోకాళ్ల దాకా వేలాడే చేతులు. నోరు మాత్రం పెద్దది. ఐజాక్ కన్నా రెండేళ్లు పెద్ద. గనిలో పక్కపక్కనే తవ్వేవాళ్లు. ఐజాక్‌ను మైదానానికి లాక్కొచ్చింది అతనే. "నీకు పరుగు రాదు, బంతి పట్టుకోవడం రాదు, బుర్ర అసలే లేదు. అయినా నిన్ను తొయ్యడం ఎవడి వల్లా కాదు. అది చాల్రా" అని చెప్పి, స్క్రమ్‌లో పాదం ఎక్కడ ఆనించాలో, మెడ ఎటు తిప్పాలో, అవతలి ప్రాప్ ఊపిరి వదిలే సమయం ఎలా కనిపెట్టాలో అన్నీ నేర్పాడు. బంతి లోపలికి వస్తోందనగా జాస్ వేళ్లు ఐజాక్ భుజం మీది జెర్సీని ఒక్క మెలి పెట్టేవి. అంటే 'ఇప్పుడు' అని. ఐజాక్ అంగుళం లేచేవాడు. ఆ అంగుళంలో జాస్ కాలు పాములా వెళ్లి బంతిని తెచ్చేసేది. ఎదుటి జట్ల హుకర్లు ఎంత ఏడ్చినా ఆ కిటుకు ఎవరికీ చిక్కలేదు.

జాస్ చెల్లెలు హిల్డాను ఐజాక్ పెళ్లాడాక ఇద్దరూ బావా అంటే బావా అనుకున్నారు. జాస్ పెళ్లి చేసుకోలేదు. రెండు వేటకుక్కల్ని పెంచుకుంటూ ఒక్కడే ఉండేవాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం చెల్లెలింటికి భోజనానికి వచ్చేవాడు.

యుద్ధం అయిపోయిన కొన్నేళ్లకు, బ్రిటన్ జట్టు ఆస్ట్రేలియా టూరుకు వెళ్లబోతోందనగా, లీడ్స్‌లో జరిగే ట్రయల్ మ్యాచ్‌కు సీగార్త్ నుంచి ఇద్దర్ని పిలిచారు. బావాబావమరుదులు ఒకే రైలెక్కి వెళ్లారు. అంతకు నెల ముందు గనిలో బొగ్గు తొట్టిబండి దొర్లుకొచ్చి జాస్ మోకాలికి తగిలింది. వాపు తగ్గింది, నొప్పి తగ్గలేదు. ఆ సంగతి ఐజాక్‌కు తప్ప ఎవరికీ తెలియదు. "కట్టు కనపడకుండా మేజోడు పైకి లాక్కుంటా. నువ్వు నోరు మూసుకో చాలు" అన్నాడు జాస్ రైల్లో.

ట్రయల్లో ఇద్దరూ బాగా ఆడారు. ఆట అయ్యాక మెట్ల దగ్గర సెలెక్టర్ క్రాబ్‌ట్రీ ఐజాక్‌ను ఆపాడు. ఉన్నికోటు, చేతికర్ర, ఎర్రటి మొహం.

"గ్లేస్టర్, నీ సంగతి నేను చూసుకుంటాను. ఆ పొట్టివాడే మీ హుకర్ కదా? కాస్త కుంటుతున్నట్టు అనిపించింది. వాడి మోకాలు బాగానే ఉందా?"

'బాగానే ఉందండీ' అంటే అయిపోయేది. మూడు ముక్కలు కూడా లేవు అందులో. ఐజాక్ నోరు తెరిచాడు. మాట రాలేదు. క్రాబ్‌ట్రీ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, తల పంకించి, కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయాడు.

పేర్లు బయటికొచ్చాయి. ఐజాక్ పేరుంది. జాస్ పేరు లేదు. వారం తిరక్కుండా క్లబ్బు బారులో ఎవరో నోరు జారారు, 'మీ బావే కదయ్యా, అడిగితే నోరు మెదపలేదట' అని. ఆ సాయంత్రం జాస్ ఐజాక్ ఇంటి పెరట్లోకి వచ్చాడు. ఐజాక్ గని బూట్లు విదిలించి గోడకు ఆనిస్తున్నాడు.

"క్రాబ్‌ట్రీ నా మోకాలి గురించి నిన్ను అడిగాడా?"

"అడిగాడు."

"ఏమన్నావ్?"

"ఏమీ అన్లేదు బావా."

"అదే" అన్నాడు జాస్. "ఏమీ అన్లేదు."

వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. అతను ఐజాక్‌తో మాట్లాడిన ఆఖరి మాట అదే, ఆ తర్వాత తొమ్మిదేళ్ల పాటు.

ఓడలో వారాల ప్రయాణం. ఐజాక్ సముద్రం కింద బతికినవాడే కానీ సముద్రం మీద తిరిగినవాడు కాదు. మొదటి వారం కక్కుకున్నాడు, రెండో వారం నుంచి డెక్కు మీద బస్తాలు మోసి ఒళ్లు కాపాడుకున్నాడు. సిడ్నీలో నేల కాల్చిన ఇటుకలా గట్టిగా ఉండేది. జనం కుర్చీల్లో కూర్చుని కాకుండా ఒకళ్ల మీద ఒకళ్లు నిలబడి అరిచేవారు. మొదటి టెస్టులోనే ముక్కు విరిగింది. రెండోదానిలో విరిగిన ముక్కుతోనే ఆడాడు. అక్కడి ప్రాప్‌లు ఆంబోతుల్లా ఉన్నా, ఐజాక్‌ను అంగుళం కదిలించలేకపోయారు. పక్కన హుకర్ లాంకషైర్ మనిషి, మర్యాదస్తుడు. చెయ్యి వేసేటప్పుడు కూడా 'వెయ్యనా' అని అడిగినట్టు వేసేవాడు. ఆ చేతి బరువు తేలిగ్గా ఉండేది. ఆట బాగానే సాగింది. టూరు మొత్తం మీద మంచి ఆటగాళ్ల పేర్లు చెప్పమంటే ఎవరైనా మూడో వేలికో నాలుగో వేలికో గ్లేస్టర్ పేరు చెప్పేవారు.

సీగార్త్ స్టేషన్లో గని బ్యాండు మేళం పెట్టారు. జాస్ రాలేదు. సోమవారం తెల్లవారి గనిలోకి దిగే లిఫ్టులో ఇద్దరి భుజాలూ రాసుకున్నాయి. ఎవరూ పలకలేదు. శనివారం ఆట. దుస్తుల గదిలో జాస్ తన మోకాలికి కట్టు కట్టుకుంటూ తలెత్తలేదు. మొదటి స్క్రమ్‌కు పిలుపొచ్చింది. ఐజాక్ వంగి ఎదురు చూశాడు, వస్తుందో రాదో అన్నట్టు. వచ్చింది. ఆ పొడవాటి చెయ్యి ఎప్పట్లాగే మెడ వెనకగా వచ్చి భుజం మీద పడింది. వేళ్లు జెర్సీని మెలిపెట్టాయి. ఐజాక్ లేచాడు, బంతి వచ్చింది.

ఊరికి ఇదొక వింత. శనివారం పూట కౌగిలించుకున్నట్టు ఒకరినొకరు పట్టుకుని ఎనభై నిమిషాలు ఆడతారు. ఈల ఊదగానే ఎవరి దారి వారిది. కొత్తగా వచ్చిన కోచ్ ఒకాయన ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేయబోతే జాస్ అన్నాడు, "బంతి వస్తోందా లేదా?" అని. వస్తోంది. కోచ్ నోరు మూసుకున్నాడు.

విచిత్రమేమిటంటే జాస్ ఆదివారం భోజనానికి రావడం మాత్రం మానలేదు. హిల్డా మటన్, బంగాళాదుంపలు, నల్ల సాసేజ్ వేసి పొయ్యిలో మగ్గబెట్టిన టేటీపాట్ ముందు ముగ్గురూ కూర్చునేవారు.

"హిల్డా, ఆ పెద్దమనిషిని ఉప్పు ఇటు జరపమను."

"హిల్డా, ఉప్పు మీ అన్నయ్య మోచేతి దగ్గరే ఉందని చెప్పు."

మొదట్లో హిల్డా అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేది. ఒక ఆదివారం గరిటె బల్ల మీద కొట్టింది. "నేనేమన్నా తపాలా బంట్రోతునా? ఇద్దరూ అచ్చోసిన ఎద్దుల్లా పెరిగారు. ఎవరికి ఏం కావాలో వాళ్లే అడుక్కోండి, లేకపోతే చప్పిడి తినండి." ఆ రోజు ఇద్దరూ చప్పిడే తిన్నారు. మరుసటి ఆదివారానికి ఆమే ఓడిపోయి, బల్ల మీద రెండు ఉప్పు గిన్నెలు పెట్టింది.

ఏళ్లు గడిచాయి. ఐజాక్ ఫ్రాన్స్‌లో ఆడాడు, న్యూజిలాండ్‌తో ఆడాడు, చివరికి బ్రిటన్ కెప్టెన్ అయ్యాడు. ఎక్కడికెళ్లినా ఆ మెట్ల దగ్గర ఆగిన క్షణం వెంటే వచ్చేది. గనిలో తట్ట నింపుతూ దాన్ని తిరగేసి బోర్లేసి చూసుకునేవాడు. అబద్ధం చెప్పలేక ఆగానా? అబద్ధాలు ఎన్ని చెప్పలేదు, ఊళ్లో రెఫరీలందరికీ తెలుసు. మోకాలు నిజంగా అక్కడ విరుగుతుందని భయపడ్డానా? ఆ మోకాలితోనే జాస్ ఏళ్ల తరబడి ఒక్క ఆట తప్పకుండా ఆడాడు. లోపల ఇంకో కారణం ఉందని ఐజాక్‌కు తెలుసు. దాని దగ్గరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేసేవాడు, గనిలో గాలి చెడిన వైపు వెళ్లి వచ్చేసినట్టు.

ఒకసారి ప్రయత్నించాడు. మామగారు పోయినప్పుడు శవపేటిక ముందువైపు ఇద్దరే మోశారు, ఒకే ఎత్తు రావాలని ఐజాక్ మోకాళ్లు వంచి నడిచాడు. చర్చి గేటు దగ్గర ఒక్క క్షణం ఆగినప్పుడు, "బావా, ఆ రోజు నేను..." అన్నాడు మెల్లగా. జాస్ సూటిగా ముందుకే చూస్తూ, వెనకవాళ్లకు వినపడేలా, "నడవండి, వాన పట్టేట్టుంది" అన్నాడు.

తొమ్మిదో ఏట ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండ్ వచ్చింది. చెరో టెస్టు గెలిచారు. మూడోది లీడ్స్‌లో. దానికి పది రోజుల ముందు బ్రిటన్ హుకర్ మెడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. క్రాబ్‌ట్రీ కెప్టెన్‌ను పిలిపించాడు. ముసలివాడైపోయాడు, కర్ర ఇప్పుడు నిజంగానే ఆసరా.

"గట్టి హుకర్ కావాలి గ్లేస్టర్. కుర్రాళ్లను వాళ్లు నమిలేస్తారు. నీ దృష్టిలో ఎవరైనా..."

"జాస్ ఫెరన్."

"ఫెరనా? ముప్పై ఐదు దాటి ఉంటాయే! పైగా వాడి మోకాలు..."

"రాయిలా ఉందండీ" అన్నాడు ఐజాక్, ఆయన మాట పూర్తి కాకముందే.

జాస్ మోకాలు ఎలా ఉందో ఐజాక్‌కు తెలిసినంతగా జాస్‌కే తెలియదేమో. ఈ మధ్య అతను మెట్లు అడ్డంగా దిగుతున్నాడు. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకుంటున్నాడు. సీగార్త్ జట్టులో అతన్ని ఐజాక్ నడుమే నడిపిస్తోంది. ఇదంతా తెలిసే చెప్పాడు.

జట్టులోకి రమ్మనే తంతి ఆదివారం భోజనం వేళకు ముందే జాస్‌కు అందింది. దాన్ని చెల్లెలి ముందు పెట్టి, ఐజాక్ వైపు తల తిప్పకుండా అన్నాడు, "నీ మొగుడికి మతిపోయిందా? నా కాలు వాడికి కనపట్లేదా?"

"వెళ్లకు అన్నయ్యా. ఒంట్లో బాగోలేదని చెప్పెయ్" అంది హిల్డా.

జాస్ కాసేపు ముద్ద కెలికాడు. "వెళ్లకెలా ఉంటానే? బ్రిటన్ జెర్సీ. చచ్చాక కప్పుకోవడానికైనా ఒకటుండాలి కదా."

రైల్లో ఎదురెదురు కూర్చున్నారు. హిల్డా కావాలనే రొట్టెలన్నీ ఒకే పొట్లంలో కట్టి ఇచ్చింది. ఐజాక్ పొట్లం విప్పి, సగం ఇవతలికి తీసుకుని, మిగతా సగం ఎదుటి సీటు మీదికి జరిపాడు. జాస్ తిన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ తిన్నాడు.

లీడ్స్‌లో ఆ రోజు సన్నటి వాన, బురద, మైదానం చుట్టూ ఆవిరి కక్కుతున్న జనం. జాస్ జెర్సీ చేతులు మడిచి, కట్టు మీద కట్టు కట్టి వచ్చాడు. మొదటి రెండు స్క్రమ్‌లలో బంతి లాగేశాడు. ఆస్ట్రేలియా హుకర్ బిత్తరపోయాడు. జనంలోంచి ఎవరో, "తాతయ్యకు జై!" అని అరిచారు. ఐజాక్ గుండె పొంగింది.

ఆ తర్వాత కాసేపటికే జరిగింది. ఇద్దరు మీద పడగా జాస్ కాలు ఒకవైపు, ఒళ్లు ఒకవైపు తిరిగింది. చప్పుడు ఐజాక్‌కు వినపడింది. శిక్షకుడు చన్నీళ్ల స్పాంజి తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజుల్లో ఒకడు పడితే వాడి బదులు ఇంకొకణ్ణి దింపే పద్ధతి లేదు. జాస్ బయటికి వెళ్తే మిగిలేది పన్నెండు మంది. జాస్ లేచాడు, రెండడుగులు వేసి చూశాడు, బయటికి వెళ్లనని చెయ్యూపాడు.

తర్వాతి స్క్రమ్. ఐజాక్ వంగాడు. ఈసారి చెయ్యి పడలేదు, మనిషే పడ్డాడు. బస్తా దింపినట్టు బరువంతా భుజం మీదికి వచ్చింది. చెవి పక్కనే గొంతు.

"బావా, పట్టుకో. కాలు లేదు నాకు."

ఐజాక్‌కు ఒక్క క్షణం తను ఎక్కడున్నాడో తెలియలేదు. పట్టు జారబోయింది. ఎదుటివాళ్లు తోసుకొచ్చారు, బంతి పోయింది. లేచి పరిగెత్తాలి కాబట్టి పరిగెత్తాడు. ఎవణ్ణో పడగొట్టాడు. మళ్లీ స్క్రమ్.

"నొప్పిగా ఉందా?" అన్నాడు ఐజాక్.

"లేదు, చక్కిలిగిలి పెడుతోంది."

బంతి వచ్చింది. బరువు మోస్తూనే అంగుళం కాదు, బెత్తెడు లేచాడు ఐజాక్. జాస్ ఉన్న కాలి మీద ఊగి, అదే కాలితో లాగాడు. ఎలా లాగాడో దేవుడికే తెలియాలి. బంతి వెనక్కి వచ్చింది.

మరో స్క్రమ్. "నా మోకాలు రాయిలా ఉందని చెప్పిన వెధవ నువ్వేనా?"

"నేనే."

"అబద్ధాలకోరు."

మరొకటి. "అప్పుడు నిజం చెప్పావ్, ఇప్పుడు అబద్ధం చెప్పావ్. రెండుసార్లూ దెబ్బ నాకే తగిలింది. నీకు ఏదీ సరిగ్గా చెప్పడం రాదురా."

"అప్పుడు నేనేం చెప్పలేదు!"

"అదే చెప్పడం!"

ఎదురుగా తల దూర్చిన ఆస్ట్రేలియా ప్రాప్‌కు విసుగొచ్చింది. "ఏంట్రా మీ గోల? ఇంటికెళ్లి కొట్టుకు చావండి."

"నువ్వు మధ్యలో దూరకు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

రెఫరీ ఈల ఊదాడు. "గ్లేస్టర్, కెప్టెన్‌వి నువ్వు. నోరు అదుపులో పెట్టుకో."

సగం ఆట విరామంలో నిమ్మచెక్కలు చప్పరిస్తూ ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నలుగురి మధ్యా నోరు పెగల్లేదు. మైదానంలోకి వచ్చి, మెడలు వంచి, మొహాలు నేల వైపు తిప్పాకే మళ్లీ మొదలైంది.

"ఎందుకు ఆగావ్ ఆ రోజు?" అన్నాడు జాస్. గొంతులో వెటకారం లేదు.

"తెలీదు."

"తొమ్మిదేళ్లైనా తెలీలేదా?"

బంతి వాళ్లకు పోయింది. ఐజాక్ బురదలో అటూ ఇటూ పడి లేస్తున్నాడు. ఊపిరితిత్తులు మండుతున్నాయి. ఎన్నాళ్లుగానో దగ్గరికెళ్లి వెనక్కి వచ్చిన చోటుకు ఈసారి కాళ్లు వాటంతట అవే వెళ్లాయి. మళ్లీ స్క్రమ్ కుదిరేసరికి మాట సిద్ధంగా ఉంది.

"ఊళ్లో అందరూ అనేవాళ్లు, గ్లేస్టర్‌దేముంది, పక్కన జాస్ ఉన్నాడు కాబట్టి అని. నువ్వు లేకుండా నేనెంతో చూసుకోవాలనిపించింది."

జాస్ వేళ్లు భుజం మీద బిగిశాయి. సైగ కాదది. ఊరికే బిగిశాయి. బంతి ఎటు పోయిందో ఇద్దరూ చూడలేదు.

తర్వాతి స్క్రమ్‌కు చాలాసేపు పట్టింది. ఆస్ట్రేలియావాళ్లు బంతిని గీత దాటించి ఒక ట్రై చేశారు, బ్రిటన్ ఒకటి చేసింది. పన్నెండున్నర మందితో ఆడుతున్నట్టు ఆడుతోంది బ్రిటన్. చివరికి మళ్లీ తలలు కలిశాయి.

"చూసుకున్నావా?" అన్నాడు జాస్.

"చూసుకున్నా."

"ఎంత?"

ఐజాక్‌కు 'నువ్వు లేకపోతే నేను సున్నా బావా' అనాలనిపించింది. ఇంకో అబద్ధం. "బాగానే ఆడాను" అన్నాడు.

"నాకు తెలుసు" అన్నాడు జాస్. "సినిమాహాల్లో వార్తల్లో చూపించారు. నీ ముక్కు మీద వాడెవడో తన్నిన ముక్క చూడ్డానికి రెండుసార్లు టిక్కెట్టు కొన్నా."

ఐజాక్‌కు నవ్వొచ్చింది. స్క్రమ్‌లో నవ్వితే నడుంలో బలం పోతుంది. ముందువరస మొత్తం కుప్పకూలింది. రెఫరీ బ్రిటన్ మీద పెనాల్టీ ఇచ్చాడు.

ఆ పెనాల్టీకి ఆస్ట్రేలియా కొట్టిన గోలే చివరి తేడా. ఆట ముగిసేసరికి ఆస్ట్రేలియా రెండంటే రెండు పాయింట్లతో గెలిచింది. సిరీస్ పోయింది.

దుస్తుల గదిలో అందరూ తలలు దించుకుని బూట్లు విప్పుతున్నారు. జాస్‌ను బల్ల మీద పడుకోబెట్టి కట్టు కోస్తున్నారు. మోకాలు గుమ్మడికాయంత అయ్యింది. ఐజాక్ గది మధ్యలో నిలబడ్డాడు.

"ఫెరన్ మోకాలి సంగతి నాకు ముందే తెలుసు. తెలిసే బాగుందని చెప్పాను. తప్పు అతనిది కాదు."

హల్ పట్టణం నుంచి వచ్చిన వెనకవరస ఆటగాడొకడు, ఆ రోజు కనుబొమ్మ చీరి రక్తం కారుతూ కూడా ఆడినవాడు, తువ్వాలు నేలకేసి కొట్టాడు. "నా పద్నాలుగేళ్ల ఆటలో ఆస్ట్రేలియాను సిరీస్‌లో ఓడించే అవకాశం ఇదొక్కటే వచ్చింది గ్లేస్టర్. నీ బావమరిది కోసం దాన్ని ఇచ్చేశావా?" ఐజాక్ చెయ్యి చాపాడు. ఆ మనిషి అందుకోలేదు. ఐజాక్‌కు అది న్యాయంగానే అనిపించింది. చాపిన చెయ్యి దించుకున్నాడు.

బయట నడవాలో క్రాబ్‌ట్రీ కనిపించాడు. "రాయిలా ఉందన్నావ్."

"అన్నానండీ."

క్రాబ్‌ట్రీ కర్ర ఊనుకుంటూ వెళ్లిపోయాడు. బ్రిటన్ జట్టులో ఐజాక్ గ్లేస్టర్ పేరు ఆ తర్వాత మళ్లీ కనిపించలేదు.

తిరుగు రైల్లో జాస్ కాలు ఐజాక్ ఒడిలో పెట్టుకుని సీటంతా ఆక్రమించాడు. చాలాసేపు కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకుంటే అన్నాడు, "వాళ్లకు చెప్పకుండా ఉండాల్సింది. నా కాలు అప్పుడే పోయిందనుకునేవాళ్లు. కెప్టెన్సీ ఉండేది నీకు."

"నోరు మూసుకోవడం ఒకసారి చేశాగా."

జాస్ కళ్లు తెరిచి చూశాడు. "నేనూ తక్కువ తినలేదులే. మామూలు మనిషైతే నాలుగు తన్ని మర్నాడు మాట్లాడేవాడు. నాకు మొదట్లో కోపమే. తర్వాత్తర్వాత కోపం పోయింది, ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. ఏమని మొదలుపెడతాం? ఇవాళ చలిగా ఉందనా?"

"మామగారు పోయినప్పుడు నేను..."

"విన్నాను. నువ్వు ఇంకో మాటంటే నేను పేటిక వదిలేసేవాణ్ణి. అందుకే నడవమన్నా."

ఐజాక్ కిటికీ బయట చూశాడు. సముద్రం కనిపించడం మొదలైంది, నీళ్ల మీద బూడిదరంగు వెలుగు. ఆ పదకొండు మందికి తను చేసింది అన్యాయమేనని అతనికి తెలుసు. ఆ లెక్క ఎప్పటికీ సరిపోదు. మళ్లీ ఆ మెట్ల దగ్గర నిలబెట్టి అడిగితే ఏం చెబుతాడో కూడా తెలియదు. కానీ ఒడిలో ఉన్న ఈ వాచిన కాలు బరువు మాత్రం అతనికి హాయిగా ఉంది. దాన్ని కదపకుండా సీగార్త్ దాకా అలాగే కూర్చున్నాడు.

స్టేషన్లో హిల్డా ఎదురుచూస్తోంది. రేడియోలో అంతా విన్నది. ఏడుపు మొహంతో ఇద్దరు మూగవాళ్లు దిగుతారనుకుంది. రైలు పెట్టె తలుపు తెరుచుకోగానే జాస్‌ను వీపు మీద వేసుకుని ఐజాక్ దిగాడు. పైనున్నవాడు కిందున్నవాణ్ణి తిడుతున్నాడు. "ఎడమ కాలు ముందు పెట్టరా బావా, ఎడమ కాలు! ఇన్నేళ్లు ఆడావ్, మెట్టు దిగడం రాదు నీకు." "నోరు మూసుకో, లేకపోతే పట్టాల మీద పడేస్తా."

హిల్డా కళ్లు తుడుచుకుని, "ఇన్నేళ్లూ ఎంత ప్రశాంతంగా ఉందిరా భగవంతుడా నా కొంప" అంది.

ఆసుపత్రిలో జాస్ మోకాలికి కోత పెట్టారు. ఇక ఆట లేదన్నారు. గనిలో కూడా కిందికి దిగే పని మాన్పించి, పైన దీపాలు ఇచ్చి పుచ్చుకునే చోట కూర్చోబెట్టారు. ఐజాక్ ఇంకో రెండు సీజన్లు సీగార్త్‌కు ఆడాడు. కొత్త హుకర్ కుదురైనవాడు, మాటకారి కాడు. బంతి ప్రతిసారీ రాలేదు, సగంసార్లు వచ్చింది.

జాస్ ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి శనివారం చంకకర్రల మీద మైదానానికి వచ్చి, జనం నిలబడి చూసే కట్ట మీద అందరికన్నా ముందు నిలబడ్డాడు. ఊరంతా అతని వైపే చూస్తోంది, ఏం చేస్తాడా అని. తొలి స్క్రమ్ కుదిరింది. మైదానం నిశ్శబ్దంగా ఉన్న ఆ క్షణంలో కర్రలు రెండూ చంకల్లో బిగించి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు:

"గ్లేస్టర్! నడుం వంచరా! నీ పెళ్లికి కూడా ఇంత నిటారుగా నిలబడలేదు నువ్వు!"

కట్ట మీద జనం ఘొల్లున నవ్వారు. ఐజాక్ స్క్రమ్‌లోంచి తల బయటికి లాక్కుని అతని వైపు చూశాడు. తల బయటికి తీయకూడదు, అది తప్పు. రెఫరీ ఈల ఊది అవతలివాళ్లకు పెనాల్టీ ఇచ్చాడు. "చూశారా, చూశారా" అంటున్నాడు జాస్ పక్కవాళ్లతో, "అందుకే వీడి పక్కన నేనుండాలనేది." ఐజాక్ పళ్లికిలిస్తూ వెనక్కి నడిచాడు.